పత్తి చేను పక్కన మల్బరీ తోట
జీవ సాంకేతిక శాస్త్రం గురించి పట్టు రైతులు తెలుసుకోవలసిన విషయాలు



దేవదుర్గ తాలూకాలోని ఒక గ్రామంలో ఇద్దరు అన్నదమ్ములు పక్క పక్క పొలాల్లో సేద్యం చేస్తున్నారు. అన్నది నల్లరేగడిలో బి.టి. పత్తి. తమ్ముడిది బోరు కింద రెండెకరాల మల్బరీ తోట. కొన్నేళ్ళ క్రితం తమ్ముడు 200 గుడ్ల పంట పెట్టాడు. నాలుగవ జ్వరం లేచిన మూడవ రోజున పురుగులు మేత మానివేశాయి. కబురు అందిన వెంటనే నేను వెళ్ళాను.

"మా అన్న వేసిన పత్తి గాలి తగిలింది సార్. ఆ చెట్టులోనే విషం ఉంటుందట కదా!" అన్నాడు తమ్ముడు.

తట్టల్లోని పురుగులను పరిశీలించాను. తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోటి నుండి పచ్చని ద్రవం కక్కుతున్నాయి. శరీరం కుంచించుకుపోయింది. ఇవి పురుగుమందు తగిలిన లక్షణాలు. అన్నను పిలిచి అడిగితే, రెండు రోజుల క్రితం సాయంత్రం పచ్చదోమ కోసం పత్తికి మందు కొట్టినట్లు చెప్పాడు. ఆ సాయంత్రం గాలి మల్బరీ వైపు వీచింది. మరుసటి రోజు తెల్లవారుజామున తమ్ముడు ఆ గట్టు పక్కనున్న వరుసల నుండే ఆకు కోసి మేత వేశాడు. చేతికి రావలసిన వంద కిలోలకు పైగా గూళ్ళు పోయాయి. అన్నదమ్ముల మధ్య మాటలు కూడా పోయాయి.

ఆ నష్టం మొక్కలోని జన్యువు వల్ల జరగలేదు, పైన చల్లిన మందు వల్ల జరిగింది. అయినా తమ్ముడి అనుమానాన్ని కొట్టిపారవేయడానికి వీల్లేదు. బి.టి.కీ పట్టుపురుగుకూ ఉన్న సంబంధం చాలా పాతది. దేనికి భయపడాలో, దేనికి భయపడనవసరం లేదో తెలియకపోతే, తప్పు చోట జాగ్రత్తపడి అసలు చోట నష్టపోతాము. అందుకే ఈ కరపత్రం.

జీవ సాంకేతిక శాస్త్రం అనగా ఏమి?

ప్రతి జీవిలోనూ దాని గుణాలను నిర్ణయించే జన్యువులు ఉంటాయి. వాటిని గుర్తించి, ఎన్నుకొని, అవసరమైతే మార్చి మనకు ఉపయోగపడేలా చేసే పద్ధతులన్నిటినీ కలిపి జీవ సాంకేతిక శాస్త్రం అంటారు. ఇందులో అన్నీ ఒకే రకం కావు.

1. కణజాల వర్ధనం: చిన్న మొక్క ముక్క నుండి ప్రయోగశాలలో వేలాది మొక్కలు తయారు చేయడం. మీరు తెచ్చే టిష్యూ కల్చర్ అరటి మొక్కలు ఇటువంటివే. ఇందులో బయటి జన్యువు ఏదీ చేర్చరు.

2. జన్యు గుర్తుల సహాయంతో ఎంపిక: మామూలుగానే సంకరం చేసి, కావలసిన జన్యువు వచ్చిన మొక్కలను ప్రయోగశాలలో గుర్తించి ఏరుకోవడం. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఎండాకు తెగులును తట్టుకునే గుణం దానికి ఈ పద్ధతిలోనే వచ్చింది.

3. జన్యు మార్పిడి: ఒక జీవి జన్యువును మరొక జీవిలో ప్రవేశపెట్టడం. బి.టి. పత్తి ఈ కోవకు చెందినది.

4. జన్యు సవరణ: మొక్కలో ఉన్న జన్యువునే నిర్దిష్టమైన చోట మార్చడం. 2025 మే నెలలో ప్రకటించిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 (కమల) అనే వరిని సాంబ మసూరి నుండి ఈ విధంగానే రూపొందించారు.

మన తోటల్లో ఎక్కువగా ఉన్న విక్టరీ-1 (వి-1) మల్బరీని మైసూరు కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు మామూలు సంకరణ పద్ధతిలో రూపొందించారు. దానిలో బయటి జన్యువు లేదు. ఎవరైనా "ఇది బయోటెక్ రకం" అని చెప్పినప్పుడు పై నాలుగింటిలో ఏదో ముందుగా అడగండి. లాభమైనా ప్రమాదమైనా దానిని బట్టే ఉంటుంది.

బి.టి. సూక్ష్మజీవి మొదట దొరికింది పట్టుపురుగులోనే

1901లో జపాన్ దేశంలో పట్టుపురుగులు హఠాత్తుగా చచ్చిపడిపోయే ఒక రోగాన్ని ఇషివతా అనే శాస్త్రజ్ఞుడు పరిశోధించాడు. ఆ రోగానికి అక్కడ 'సోత్తో' అని పేరు. దానికి కారణమైన సూక్ష్మజీవిని ఆయన కనుగొన్నాడు. పదేళ్ళ తరువాత జర్మనీలోని తురింజియా ప్రాంతంలో పిండి పురుగులో అదే జాతి సూక్ష్మజీవి కనిపించింది. ఆ ప్రాంతం పేరు మీదనే దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని పొట్టి పేరే బి.టి.

ఈ సూక్ష్మజీవి తనలో ఒక మాంసకృత్తును స్ఫటికం రూపంలో తయారు చేసుకుంటుంది. గొంగళి పురుగు దానిని తింటే, పేగులోని క్షార గుణం వలన స్ఫటికం కరుగుతుంది. విడుదలైన విషం పేగు గోడకు అతుక్కొని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మాని చస్తుంది. మనుషుల, పశువుల పొట్టలో క్షార గుణం బదులు ఆమ్ల గుణం ఉంటుంది, ఈ విషం అతుక్కునే చోటు కూడా ఉండదు. కనుక అది మనకు అదే విధంగా పని చేయదు.

కాని పట్టుపురుగు మాటేమిటి? పత్తిని తినే కాయతొలుచు పురుగు, మనకు అన్నం పెట్టే పట్టుపురుగు, రెండూ పొలుసు రెక్కల పురుగుల వర్గానికి చెందినవే. ఒక విధంగా దాయాదులు. అయితే బి.టి. విషాల్లో అనేక రకాలున్నాయి. క్రై-1ఎ(ఎ) అనే రకం పట్టుపురుగుకు చాలా ప్రమాదకరం. పత్తిలో పెట్టిన క్రై-1ఎ(సి) దానికంటే ఎన్నో రెట్లు తక్కువ హాని చేస్తుంది. పైగా పత్తి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి లేచి మల్బరీ ఆకు మీద పేరుకునే స్వభావం దానికి లేదు. పట్టుపురుగు పత్తి ఆకు తినదు. కనుక పక్క చేలో బి.టి. పత్తి ఉన్నంత మాత్రాన మీ పంట పోతుందని భయపడనవసరం లేదు.

బి.టి. పొడి విషయం వేరు. కూరగాయలకు, ఇతర పైర్లకు "జీవ సంబంధమైన మందు, హాని లేదు" అని అమ్మే బి.టి. కుర్స్టాకి మందుల్లో పట్టుపురుగుకు ప్రమాదకరమైన రకం విషం కూడా కలిసి ఉంటుంది. మల్బరీలో ఆకుముడత పురుగు కనిపించిందని ఎవరు చెప్పినా సరే, ఆ మందును మల్బరీ తోటలోగాని, రేరింగ్ షెడ్డు దగ్గరగాని వాడరాదు. 'జీవ' అనే మాట ఉన్నంత మాత్రాన అది అన్ని జీవులకూ మంచిది కాదు.

రాయచూరు చూసిన పాతికేళ్ళు

ఈ కథలో మన జిల్లాకు మొదటి నుండీ చోటు ఉంది. 1998లో మహికో సంస్థ బి.టి. పత్తి ప్రయోగాలు వేసిన జిల్లాల్లో రాయచూరు ఒకటి. ఆ సంవత్సరం చివరలో కర్ణాటక రాజ్య రైతు సంఘం కార్యకర్తలు ప్రొఫెసర్ ఎం.డి. నంజుండస్వామి నాయకత్వంలో రాయచూరు, బళ్ళారి జిల్లాల్లోని ప్రయోగ క్షేత్రాల్లో మొక్కలు పీకి తగులబెట్టారు. ఆ పద్ధతిని ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, వారు లేవనెత్తిన ఒక ప్రశ్న ఇప్పటికీ సరైనదే: పొలంలో ఏమి వేస్తున్నారో ఊరికి తెలియవద్దా?

2002 మార్చి 26న కేంద్ర ప్రభుత్వ కమిటీ మూడు బి.టి. పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. అనుమతి పొందిన రాష్ట్రాల్లో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. అప్పుడు నేను వ్యవసాయ కళాశాలలో విద్యార్థిని. అంతకు ముందు మన ప్రాంతపు పత్తి రైతు శనగపచ్చ పురుగు కోసం సీజనులో పది పదిహేను సార్లు మందు కొట్టడం మామూలే. బి.టి. వచ్చాక మొదటి కొన్నేళ్ళు కాయతొలుచు పురుగుల కోసం కొట్టే మందులు బాగా తగ్గాయి. పక్కనే మల్బరీ ఉన్న రైతుకు అది మేలు చేసింది. ఈ మాట దాచకుండా చెప్పాలి.

దేశంలో హెక్టారుకు దూది దిగుబడి 2001-02లో సుమారు 300 కిలోలు. 2007-08 నాటికి 550 కిలోలకు చేరింది. ఈ పెరుగుదల అంతా బి.టి. వలన వచ్చినది కాదు. కొత్త హైబ్రిడ్లు, నీటి వసతి, ఎరువులు, మంచి వర్షాలు కూడా తోడ్పడ్డాయి. బి.టి. జన్యువు దిగుబడిని పెంచదు, పురుగు తినివేసే భాగాన్ని మిగుల్చుతుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ధర విషయం కూడా ఉంది. మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా అమ్మారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ఎదుట ఫిర్యాదు చేసిన తరువాత ధర 750 రూపాయలకు దిగింది. హైబ్రిడ్ విత్తనం కాబట్టి ఇంట్లో దాచుకొని మళ్ళీ వేస్తే అదే పంట రాదు. ప్రతి ఏటా కొనవలసిందే.

బలం ఎందుకు తగ్గింది?

2006లో రెండు జన్యువుల బి.టి. పత్తి వచ్చింది. 2010లో గుజరాత్ లోని కొన్ని జిల్లాల్లో గులాబీ రంగు కాయతొలుచు పురుగు మొదటి రకం బి.టి.ని తట్టుకుంటున్నట్లు ప్రకటించారు. తరువాత నాలుగైదు సంవత్సరాల్లోనే రెండు జన్యువుల పత్తిలోనూ ఆ పురుగు బ్రతకసాగింది. మన కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కూడా ఇందులో చేరాయి. ఇటీవల దేశపు సగటు దిగుబడి మళ్ళీ 450 కిలోల లోపునకు వచ్చింది.

ఇది ఎలా జరిగింది? లక్ష పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే విషాన్ని తట్టుకునేవి ఉంటాయి. పొలమంతా బి.టి. అయితే మిగిలినవి చచ్చి, తట్టుకునేవే మిగిలి ఒకదానితో ఒకటి జతకడతాయి. వాటి సంతానమంతా మొండి పురుగులే. దీనిని ఆపడానికే చేను చుట్టూ బి.టి. లేని పత్తిని ఐదు వరుసలు గాని, విస్తీర్ణంలో 20 శాతం గాని వేయమన్నారు. ఆ పత్తిలో బ్రతికిన మామూలు పురుగులు మొండి పురుగులతో జతకడితే సంతానంలో మొండితనం పలుచబడుతుంది. అందుకోసం ప్రతి ప్యాకెట్టుతో 120 గ్రాముల చిన్న సంచి ఇచ్చేవారు.

ఆ సంచి ఏమయింది? మనలో చాలామంది గట్టు మీద పారవేశాము. "పురుగుల కోసం పత్తి వేయాలా?" అని నవ్వాము. అమ్మినవారు దాని అవసరం విడమరచి చెప్పలేదు. మేము, అనగా అధికారులము, ఊరూరా తిరిగి నొక్కి చెప్పవలసినంత చెప్పలేదు. పైగా నీరున్న చోట పత్తిని మార్చి, ఏప్రిల్ వరకు ఉంచి పురుగుకు ఏడాది పొడుగునా మేత పెట్టాము. ఒక మంచి పనిముట్టు ఇలా మన అందరి చేతుల్లోనే మొద్దుబారింది.

బి.టి. విషం రసం పీల్చే పచ్చదోమ, పేనుబంక, తామర పురుగుల మీద పని చేయదు. వాటి కోసం మళ్ళీ మందులు పెరిగాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటి ఆ మందులు పట్టుపురుగుకు అతి స్వల్ప మోతాదులోనూ ప్రాణాంతకమే. దేవదుర్గ తమ్ముడి పంట పోయింది ఈ దారిలోనే.

పత్తి పక్కన మల్బరీ ఉన్నవారు పాటించవలసిన జాగ్రత్తలు

1. పక్క చేను రైతుతో ముందుగా మాట్లాడుకోండి. మందు కొట్టే ముందురోజు కబురు చేయమని అడగండి. మీరు గుడ్లు పెట్టిన తేదీ, గూడు కట్టే తేదీ వారికి చెప్పండి.

2. మందు కొట్టేది ముందే తెలిస్తే, మరుసటి రెండు రోజులకు సరిపడు ఆకును తోట లోపలి వైపు నుండి ముందుగా కోసి, తడి గోనెపట్ట కప్పి చల్లని చోట నిలువ చేయండి.

3. పత్తి వైపున్న కొన్ని వరుసల ఆకును పురుగులకు వేయవద్దు. గట్టు మీద అవిశె, సరుగుడు వంటి చెట్లు గాని, ఒత్తుగా జొన్న గాని అడ్డుగా పెంచండి.

4. ఆకు మీద అనుమానం ఉంటే ముందుగా ఓ యాభై పురుగులకు విడిగా వేసి ఒక రోజు చూడండి. అవి బాగుంటేనే మిగతా వాటికి వేయండి.

5. పత్తికి వాడిన స్ప్రేయరు, బకెట్టు, డ్రమ్ము మల్బరీకి గాని, షెడ్డు శుద్ధికి గాని వాడరాదు. మందు కొట్టిన బట్టలతో షెడ్డులోకి వెళ్ళరాదు.

6. మీరే పత్తి కూడా వేస్తుంటే లింగాకర్షక బుట్టలు పెట్టండి. ఒక్కొక్క బుట్టలో రాత్రికి 8 మగ రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడితేనే మందు గురించి ఆలోచించండి. గుడ్డిపూలను ఏరి కాల్చివేయండి. డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించి కట్టె తీసివేయండి. ఈ పని ఊరంతా కలిసి చేస్తేనే ఫలితం.

పట్టు పరిశ్రమలో ఏమి రాబోతున్నది?

పాలరోగం (కన్నడంలో హాలు రోగ) గురించి మీకు చెప్పనవసరం లేదు. వైరస్ వలన వచ్చే ఈ రోగానికి మందు లేదు. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు పట్టుపురుగులో బయటి జన్యువును తరతరాలకు నిలిచేలా ప్రవేశపెట్టగలిగారు. 2004లో పట్టుపురుగు జన్యుపటం వెలువడింది. హైదరాబాదు సి.డి.ఎఫ్.డి.లో డాక్టర్ జె. నాగరాజు బృందం పాలరోగపు వైరస్ ను తట్టుకునే పట్టుపురుగులను రూపొందించింది. హిందూపురం దగ్గర కిరికెరలో ఉన్న పట్టు పరిశోధన సంస్థ కూడా ఈ పనిలో పాలుపంచుకొంది. దాని ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బార్లీ జన్యువును మల్బరీలో ప్రవేశపెట్టి, నీటి ఎద్దడిని, ఉప్పును తట్టుకునే మొక్కలు తయారు చేశారు. తుంగభద్ర ఎడమ కాలువ కింద చౌడు బారిన పొలాలున్న సింధనూరు, మాన్వి క్యాంపుల రైతులకు ఇటువంటి మల్బరీ ఆశ కలిగించడం సహజం.

కాని ఇవేవీ రైతు చేతికి రాలేదు. రావడానికి ముందు తేలవలసిన ప్రశ్నలున్నాయి. మార్చిన పట్టుపురుగు చిలుకలు మామూలు జాతులతో కలిస్తే మన విత్తన జాతులు ఏమవుతాయి? వైరస్ కూడా గులాబీ పురుగు మాదిరిగా మొండికేస్తే? గుడ్ల ధర ఎవరు నిర్ణయిస్తారు? బి.టి. వంకాయ విషయంలో కేంద్ర ప్రభుత్వం బెంగళూరు, హైదరాబాదు సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి, 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేసింది. కొత్త జన్యువు వచ్చే ముందు రైతు మాట వినడం సాధ్యమేనని అప్పుడు తేలింది.

అంతవరకు పాలరోగానికి మన చేతిలో ఉన్న ఆయుధం శుభ్రతే. ప్రతి పంటకు ముందూ తరువాతా 2 శాతం బ్లీచింగ్ పొడిని 0.3 శాతం సున్నపు నీటిలో కలిపి షెడ్డు, తట్టలు, చంద్రికలు శుద్ధి చేయవలెను. రోగం వచ్చిన పురుగులను చేత్తో నలపకుండా ఏరి, సున్నం, బ్లీచింగ్ కలిపిన నీటిలో వేసి పూడ్చిపెట్టవలెను. రేపు ఎంత గొప్ప జన్యువు వచ్చినా ఈ పని తప్పదు.

సరిహద్దు దాటి వచ్చే విత్తనం

మన గ్రామాలకు ఒక వైపు కర్నూలు జిల్లా, మరొక వైపు గద్వాల, నారాయణపేట ఉన్నాయి. సీజను ముందు కలుపు మందు తట్టుకునే పత్తి అని, 'బి.టి.-3' అని చెప్పి, లేబులు లేని సంచుల్లో విత్తనం చేతులు మారుతుంటుంది. అటువంటి పత్తికి మన దేశంలో వాణిజ్య సాగు అనుమతి లేదు. దానిని అమ్మడం చట్టవిరుద్ధం. బిల్లు ఉండదు కాబట్టి మొలక రాకపోయినా నష్టపరిహారం అడగడానికి ఆధారం ఉండదు. పైగా ఆ పత్తి మీద కొట్టే గ్లైఫోసేట్ కలుపు మందు గాలికి మల్బరీ మీద పడితే తోటే మాడిపోతుంది. మల్బరీ ఒక పంట కాలపు పైరు కాదు, ఏళ్ళ తరబడి నిలిచే తోట అని మరువకండి.

కొనే ముందు మూడు ప్రశ్నలు

ఏ కొత్త విత్తనం, గుడ్డు, మందు మీ ముందుకు వచ్చినా ఈ మూడు అడగండి.

ఒకటి: ఇది దేనిని చంపుతుంది? దాని దాయాదులు మా ఇంట్లో ఉన్నారా?

రెండు: దీని బలం నిలవాలంటే నేను ఏమి చేయాలి? ఊరు ఏమి చేయాలి?

మూడు: దీనికి అనుమతి ఎవరిచ్చారు? బిల్లు ఎవరిస్తారు?

ఈ మూడింటికీ జవాబు దొరికితే కొత్తదానికి వెనుకాడకండి. ఒక్కదానికి జవాబు లేకపోయినా తొందరపడకండి. మీ దగ్గరలోని పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయానికి గాని, రైతు సంపర్క కేంద్రానికి గాని వచ్చి అడగండి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా జవాబు చెబుతాము.

ఇక ఆ అన్నదమ్ముల సంగతి. మరుసటి సంవత్సరం వారి గట్టు మీద అవిశె చెట్లు లేచాయి. అన్న మందు కొట్టే ముందురోజు సాయంత్రం తమ్ముడికి ఫోను చేస్తాడు. తమ్ముడు ఆ సాయంత్రమే లోపలి వరుసల నుండి ఆకు కోసి పెట్టుకుంటాడు. ఆ తరువాత ఆ షెడ్డులో మందు వలన పంట పోలేదు.